పళ్ళు దించిన మిషన్

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో డిసెంబర్ రాత్రి. పిల్లలు పడుకున్నారు. అన్నం గిన్నెలు తీసేసిన డైనింగ్ టేబుల్ మీదికి కుట్టుమిషన్ ఎక్కింది. మీరు ఈ కుర్చీలో కూర్చోండి, ఆ పక్కది గుంటూరు నుంచి వచ్చిన అత్తగారిది. బడికి సెలవులిచ్చేలోగా టీచర్లకూ స్కూలు బస్సు డ్రైవరుకూ ఇవ్వాల్సిన కోస్టర్లు, చిన్న జిప్పు సంచులు తయారవ్వాలి.

కోడలు మిషన్ వెనక మీట జరిపింది. టక్! సూది కింద బట్టను నెట్టే ఇనుప పళ్ళు లోపలికి దిగిపోయాయి. ఇక కుట్టు ఎటు పోవాలో, ఎంత పొడవుండాలో తేల్చేది చెయ్యే. మామూలు ఫుట్ తీసి, సూదితోపాటు పైకీ కిందికీ ఎగిరే గుండ్రటి ఫుట్ బిగించింది.

“ఇందులో కొత్తేముందే? పెళ్ళికి ముందు నేను నేర్చుకున్న ఎంబ్రాయిడరీ ఇదే. కాలి మిషన్‌కి ఫుట్ తీసేసేవాళ్ళం. రింగులో బట్ట బిగించి తిప్పుకోవడమే” అన్నారు అత్తగారు.

నిజమే. కాకపోతే ఇక్కడ రింగు లేదు, పొరలు మూడు: పైన అత్తగారి పాత మంగళగిరి చీర ముక్క, మధ్యన పల్చటి దూది పొర, అడుగున లైనింగ్. జరగకుండా పిన్నీసులు.

కోడలు వేళ్ళకి రబ్బరు పూసిన గ్లవ్స్ తొడుక్కుంది. సూది ఒకసారి దించి, ఎత్తి, బాబిన్ దారాన్ని పైకి లాగింది. లాగకపోతే అడుగున దారం ఉండలు కట్టేస్తుంది. ఉన్నచోటే నాలుగు కుట్లు వేసి, పెడల్ నొక్కింది. మిషన్ రొద చూడండి, బల్ల కూడా అదురుతోంది. దారం మెలికల ముగ్గులా సాగుతోంది, కానీ ఈ ముగ్గులో గీత గీతను దాటకూడదు. తప్పించుకుంటూ, మూలలోకి దూరి, బయటికొచ్చే దారి ముందే చూసుకోవాలి. అందుకే కోడలి నోట్‌బుక్ నిండా పెన్నుతో గీసిన మెలికలే.

ఆపి, తిరగేసింది. వంపుల దగ్గర ఉచ్చులు! అక్కడ చెయ్యి తొందరపడింది. అడుగుదారం వంపు తిరక్కుండా అడ్డంగా సాగి, పైదారాన్ని కిందికి లాగేసుకుంది. కొత్తవాళ్ళు భయంతో పెడల్ మెల్లగా తొక్కి, చేతులు గబగబా జరుపుతారు. కుట్లు పొడుగ్గా, వంకరగా పడతాయి. కాలు నిలకడగా, చెయ్యి నింపాదిగా ఉండాలి. చెప్పడం తేలికే లెండి.

ఇలా పొరలు కలిపి మిషన్‌తో బొంత కుట్టడాన్ని, అంటే క్విల్టింగ్‌ని, అమెరికాలో చాలామంది చాలాకాలం చిన్నచూపు చూశారు. 1989లో కెంటకీ రాష్ట్రం పడూకాలో అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ పోటీలో కారిల్ బ్రయర్ ఫాలెర్ట్ కుట్టిన ‘కరోనా 2: సోలార్ ఎక్లిప్స్’ అనే బొంత అగ్ర బహుమతి కొట్టేసింది. మిషన్‌తో క్విల్టింగ్ చేసినదానికి ఆ బహుమతి దక్కడం అదే మొదలు. సరే, మన కోస్టర్‌కి అంత దూరం అక్కర్లేదు. సాధనకి చిన్నవే మేలని నా నమ్మకం. పెద్ద బొంతని చుట్టచుట్టి ఇంటి మిషన్ సందులో కుక్కి తిప్పితే మెడా భుజాలూ పట్టేస్తాయి, తప్పొస్తే విప్పలేక ఏడుపొస్తుంది. కోస్టరైతే నాలుగున్నర అంగుళాల చదరం. మరో ముక్క ఎదురుగా పెట్టి చుట్టూ కుట్టి, రెండంగుళాల సందు వదిలి, మూలలు కత్తిరించి తిరగేసి, ఇస్త్రీ చేసి, అంచు కుట్టేస్తే చాలు.

“లే, ఒకటి నేను వేస్తాను” అన్నారు అత్తగారు. కుర్చీ మారారు. అలవాటుగా రెండు పాదాలూ పెడల్ మీద మోపారు. మిషన్ దూసుకుపోయింది.

“ఇదేంటమ్మాయ్, ముట్టుకుంటేనే పరిగెడుతోంది!”

కోడలు నవ్వుతూ వేగం సగానికి తగ్గించింది. ఈసారి చేతులు చూడండి. తడుముకోవడం లేదు. మామిడి పింద ఒంపు తిరిగింది, దాని చుట్టూ మరో గీత, ఆ చుట్టూ ఇంకోటి. తిరగేస్తే ఉచ్చు ఒక్కటీ లేదు.

“ఇది ఎవరికే?”

“బస్సు డ్రైవరుకి, అత్తయ్యా.”

“పొద్దున్నే చలిలో వస్తాడు పాపం. ఉండు, ఇంకో పింద వేస్తాను.”