హెచ్ఎంటీ జనతా: లక్సెట్టిపేట వైపు నుంచి ఒక చేతిగడియారం చరిత్ర

హెచ్ఎంటీ గడియారాల మీద వచ్చిన రాతలు చాలావరకు బెంగళూరులో మొదలై బెంగళూరులోనే ముగుస్తాయి. నెహ్రూ ఆశయం, జపాన్ సాంకేతికత, ప్రభుత్వరంగ వైభవం, ఆపైన పతనం అనే వరుస అన్నిటికీ ఒకటే. ఆ గడియారం ఎవరి చేతికి చేరింది, చేరి ఏం పని చేసింది అన్న ప్రశ్న వాటిలో అంతగా కనపడదు. పాత ఆదిలాబాద్ జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న లక్సెట్టిపేట నుంచి చూస్తే కథ కొంత వేరుగా ఉంటుంది. ఉత్తర తెలంగాణలో జనతా వాచీ నిలబడింది చవక కాబట్టే అన్న మాట సగమే నిజమని నా వాదన. ఊరి బజార్లోనే దాన్ని విప్పి బాగుచేయగలగడం మిగతా సగం. బాగుచేత అక్కర్లేని యంత్రం వచ్చిన రోజే దాని తయారీదారుకు కష్టకాలం మొదలైంది.

హిందుస్థాన్ మెషిన్ టూల్స్ (హెచ్ఎంటీ) సంస్థ 1953లో పుట్టింది గడియారాల కోసం కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఓర్లికాన్ సహకారంతో లేతు మిషన్లు తయారుచేయడానికి పుట్టింది. అప్పట్లో మన దేశంలో చేతికి వాచీ అంటే స్విస్ సరుకే. వెస్ట్ ఎండ్, ఫేవర్ లూబా, రోమర్ పేర్లు పాతకాలపు పెద్దమనుషుల ఇళ్లలో ఇప్పటికీ వినపడతాయి. విదేశీ మారకద్రవ్యం కరువైన కాలంలో అంత దిగుమతి ప్రభుత్వానికి మోయలేని బరువైంది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో చేతిగడియారాల తయారీ మొదలైంది. తొలి విడత వాచీలను నెహ్రూ విడుదల చేశారు. తర్వాత శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్‌లకు కర్మాగారాలు విస్తరించాయి. జనతా, పైలట్, జవాన్, సోనా, కోహినూర్, కాంచన్ అనే పేర్లు ఒక తరం నోళ్లలో నానాయి.

జనతా వాచీ వెనకమూత తీస్తే లోపల కనిపించేది చిన్నపాటి ఇత్తడి, ఉక్కు ప్రపంచం. ఎక్కువగా దొరికేవి 0231 రకం మిషన్లు. పదిహేడు రాళ్లు ఉంటాయి. ఇవి ఆభరణం రాళ్లు కావు. ఇరుసులు తిరిగేచోట అరుగుదల తగ్గించే కృత్రిమ కెంపులు. పొద్దున్నే కీ ఇస్తే మెయిన్ స్ప్రింగ్ చుట్టుకుంటుంది. అది విచ్చుకుంటూ ఇచ్చే బలాన్ని పళ్లచక్రాలు బ్యాలెన్స్ వీలు దాకా చేరవేస్తాయి. ఆ చక్రం వెంట్రుకంత సన్నని హెయిర్ స్ప్రింగ్ సాయంతో అటూ ఇటూ ఊగుతూ గంటకు 18,000 దెబ్బలు కొడుతుంది, అంటే సెకనుకు అయిదు. చెవి దగ్గర పెట్టుకుంటే వినిపించే టిక్కుటిక్కు అదే. బ్యాలెన్స్ ఇరుసు చివర ఉండే పారాషాక్ ఏర్పాటు సిటిజన్ నుంచి వచ్చింది. వాచీ కిందపడితే ఆ దెబ్బ ఇరుసుకు సూటిగా తగలకుండా అక్కడి రాయి కొద్దిగా కదిలి, మళ్లీ తన చోటికి వస్తుంది. రోజుకు అర నిమిషం ముందో వెనకో నడిస్తే ఆ కాలంలో ఎవరూ తప్పుపట్టలేదు. రేడియోలో వార్తలప్పుడు ముల్లు సరిచేసుకుంటే సరిపోయేది.

ఇక లక్సెట్టిపేట సంగతి. మండలాలు రాకముందు ఇది తాలూకా కేంద్రం. ఇప్పుడు జిల్లా కేంద్రమైన మంచిర్యాల సైతం ఒకప్పుడు ఈ తాలూకాలోదే. ఒక పక్క కడెం కాలువ కింద వరి సాగు. ఇంకో పక్క మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి బొగ్గుబావులు, మంచిర్యాల సిమెంటు ఫ్యాక్టరీ, కాజీపేట-బల్లార్షా రైలు మార్గం. పొలంలో పనికి పొద్దే గడియారం. బావిమీద పనికి అది చాలదు. మూడు షిఫ్టులు, సైరన్, హాజరు. వ్యవసాయ కుటుంబం నుంచి బొగ్గుబావికి వెళ్లినవాడికి నిమిషాల లెక్క మొదటిసారి బతుకులోకి వచ్చింది. సింగరేణి కార్మికుడి చేతి వాచీని హోదా గుర్తుగా మాత్రమే చదివే అలవాటు మన సామాజిక చరిత్రకారుల్లో ఉంది. నాకు అది సరిగా తోచదు. రాత్రి షిఫ్టుకు ఊరి నుంచి సైకిలు మీద బయలుదేరేవాడికి సైరన్ వినపడేసరికే ఆలస్యమైపోతుంది. ఎప్పుడు బయలుదేరాలో ముందే చెప్పేది చేతి వాచీయే.

హోదా మాట అసలు లేదని కాదు. అది పెళ్లి దగ్గర బయటపడుతుంది. సైకిలు, వాచీ, రేడియో ఈ మూడూ తెలంగాణ పల్లెల్లో అల్లుడికి పెట్టుపోతల జాబితాలో దశాబ్దాలపాటు చెక్కుచెదరలేదు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. హెచ్ఎంటీ వాచీ కూడా ఆ ఏడాదే. చట్టం పుస్తకంలో ఉండగా వాచీ పెళ్లికొడుకు చేతికెక్కింది. స్వదేశీ పరిశ్రమ విజయగాథ చెప్పేవాళ్లు ఈ గిరాకీ గురించి కూడా ఒక మాట రాసి ఉండాల్సింది.

అలా వచ్చిన వాచీ ఇరవై, ముప్పై ఏళ్లు నడిచిందంటే కారణం బజార్లో చిన్న అద్దాలపెట్టె ముందు, కంటికి భూతద్దం తగిలించుకొని కూర్చున్న మనిషి. బొగ్గు దుమ్ము, చెమట కీ సందులోంచి లోపలికి దిగుతాయి. నూనె గట్టిపడుతుంది, వాచీ వెనకబడుతుంది. అతను మిషన్ విప్పి, భాగాలను పెట్రోలులో కడిగి, ఇరుసులకు సూది మొనతో చుక్క నూనె అంటించి మళ్లీ బిగిస్తాడు. "సర్వీసింగ్ జేస్తే ఇంకో పదేండ్లు నడుస్తది" అనే మాట ఆ బల్లల దగ్గర ఊరికే అన్నది కాదు. జనతా, పైలట్, జవాన్ వాచీల పైరూపం వేరైనా, వాటిలో ఎక్కువగా వాడిన మిషన్ కుటుంబం ఒకటే. పాడైన ఒకదానిలోని చక్రం ఇంకోదానికి పనికొచ్చేది. కంపెనీ మూతపడ్డాక కూడా ఈ వాచీలు నడుస్తున్నది ఈ ఇచ్చిపుచ్చుకోవడం వల్లే.

ఇక్కడ మన రాష్ట్రపు పోటీదారును తలచుకోవాలి. నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక ట్రస్టు నిధి, అల్లాదీన్ అండ్ కంపెనీ కలిసి 1942లో హైదరాబాద్‌లో ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టాయి. బస్సు బాడీలు, రిఫ్రిజిరేటర్లు, ఉక్కు సామాను చేసిన ఆ సంస్థ 1980ల్లో జపాన్ సీకో సహకారంతో ఆల్విన్ వాచీలూ తెచ్చింది. సిటిజన్, సీకో అనే ఇద్దరు జపాను ప్రత్యర్థులు బెంగళూరు, హైదరాబాద్ పేర్లతో మన చేతుల మీదే పోటీపడ్డారన్నమాట. ఆల్విన్ ఎక్కువకాలం నిలవలేదు. ఆల్విన్ కాలనీ, ఆల్విన్ చౌరస్తా అనే పేర్లు మాత్రం హైదరాబాద్‌లో మిగిలాయి. హెచ్ఎంటీ మీద ఉన్నంత ఆసక్తి ఆల్విన్ మీద లేకపోవడం తెలుగు పరిశోధనలో పెద్ద లోటు.

హెచ్ఎంటీ పతనానికి క్వార్ట్జ్ కారణమన్నది అందరూ చెప్పే మాట. అయితే హెచ్ఎంటీకి క్వార్ట్జ్ తెలియక కాదు, 1980ల ఆరంభంలోనే ఆ రకం వాచీ తెచ్చింది. టాటాలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి 1984లో పెట్టిన టైటాన్, హోసూరు నుంచి 1987లో మార్కెట్లోకి వచ్చి వాచీని అలంకారంగా అమ్మింది. సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం ముందు అయిదు దెబ్బల బ్యాలెన్స్ వీలు ఖచ్చితత్వంలో నిలవలేదు. కీ ఇచ్చే పని లేదు, కడిగే పని లేదు. చెడిపోతే మిషన్ మొత్తం మార్చేయడమే. బజారులో బల్ల వేసుకున్న మనిషికి బ్యాటరీ మార్చే పని మిగిలింది. నష్టాల్లో కూరుకుపోయిన హెచ్ఎంటీ వాచెస్‌ను మూసేయడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది.

ఆ పేరు మీద జనానికి ఎంత నమ్మకం ఉండేదో చెప్పడానికి గడియారాల దుకాణం కన్నా బియ్యం దుకాణం మంచి సాక్షి. ఆదిలాబాద్‌కు పొరుగునున్న చంద్రపూర్ జిల్లాలో, నాగ్‌భీడ్ ప్రాంతపు నాందేడ్ గ్రామ రైతు దాదాజీ ఖోబ్రాగడే 1980ల్లో తన పటేల్-3 వరిపొలంలో తేడాగా కనిపించిన కంకులను వేరుచేసి, ఏళ్ల తరబడి ఎంపిక చేస్తూ ఒక సన్నరకం సాధించారు. ఆ ధాన్యానికి అప్పట్లో అందరికీ తెలిసిన వాచీ పేరే పెట్టారు. హెచ్ఎంటీ బియ్యం అంటే కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇప్పుడు ఎవరికీ వివరించనక్కర్లేదు. బ్రాండు పేరుతో కంపెనీకి పైసా రాలేదు. విత్తనం కనిపెట్టిన చిన్న రైతుకు దక్కాల్సిన ప్రతిఫలమూ దక్కలేదు. ఆయన 2018 జూన్‌లో పేదరికంలోనే కన్నుమూశారు.

ఈ చరిత్ర రాయడానికి ఇప్పుడు ఎదురవుతున్న అడ్డంకి కొత్త రంగులు. పాత హెచ్ఎంటీలకు సేకర్తల్లో గిరాకీ పెరగడంతో, కంపెనీ ఎన్నడూ చేయని రంగుల్లో డయళ్లు అచ్చువేసి పాత మిషన్ల మీద బిగించి అమ్ముతున్నారు. మెరిసే డయలు, అరిగిన వెనకమూత ఒకే వాచీకి ఉంటే అనుమానించాల్సిందే. పరిశోధకుడికి వెలిసిపోయిన అసలు డయలే విలువైంది. ఇంట్లో తాతలనాటి జనతా, ఆల్విన్ వాచీలు ఉన్నవారు డయలు మార్పించవద్దు. కొన్నప్పటి బిల్లు, గ్యారంటీ కార్డు, పెళ్లినాటి పెట్టుపోతల చీటీ దొరికితే వాచీతోపాటే దాచండి. ఏ ఊళ్లో, ఏ ఏడాది, ఎంతకు కొన్నారో చెప్పే ఆధారాలు అవే.