చీర ఊయల నుంచి అంగన్‌వాడీ దాకా

వీరులపాడు, నందిగామ, జగ్గయ్యపేట చుట్టూ పత్తి, మిరప పండే మెట్టపొలాలు. కోతలొస్తే ఆడకూలీలు పొద్దున్నే ఇల్లు వదలాలి. ఇంట్లో చూసేవాళ్లు లేకపోతే చంటిబిడ్డా పొలానికే వచ్చేది. గట్టు మీది తుమ్మకొమ్మకు పాతచీర కట్టి ఊయల వేసేవారు, పక్కన ఏడెనిమిదేళ్ల అక్కను కూర్చోబెట్టేవారు. ఏడుపు వినబడితే తల్లి సాలు మధ్యలో పని ఆపి, మిరపఘాటు పోయేలా చేతులు కడుక్కొచ్చి పాలిచ్చేది. తమ్ముణ్ణి ఊపుతూ ఊపుతూ బడికి దూరమైన ఆ అక్కల సంగతి ఏ లెక్కల్లోకీ ఎక్కలేదు.

పసివాళ్లకు ఊళ్లోనే ఓ చోటుండాలన్న ఆలోచనకు ప్రభుత్వం తరఫున రూపమిచ్చినవాళ్లలో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి ముందుంటారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిన ఆమె, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. మరుసటి ఏడాదే సంక్షేమ విస్తరణ పథకాలు మొదలయ్యాయి. పాతిక ఊళ్లకో ప్రాజెక్టు. గ్రామసేవిక, కాన్పు సాయం, కుట్టుపని, వాటితోపాటు పిల్లలకు బాలవాడి. తల్లినీ బిడ్డనూ ఒకే చూపుతో చూడటం ఆ పథకం గొప్పతనం.

ఆటపాటల దారి అంతకుముందే వేరేచోట పడింది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. పెద్దలు పిల్లల మధ్య కూర్చుని ఆడితే ఎంత సందడో తెలుగు ఇళ్లకు చూపించింది వాళ్లిద్దరే.

పిల్లల మధ్య పెద్దలు కూర్చునే పద్ధతి విదేశాల్లోనూ వచ్చింది. న్యూజిలాండ్‌లో 1941 నుంచి, ఇంగ్లండులో 1960ల నుంచి తల్లులే వంతులవారీగా పిల్లల ఆటశాలలు నడిపారు. లండన్‌లో బెల్ టుటేవ్ అనే తల్లి 1961లో పత్రికకు రాసిన ఒక్క ఉత్తరంతో అక్కడ ఉద్యమమే లేచింది. మెట్ట కూలితల్లికి అంత వెసులుబాటేది? పూట ఆగితే పూట కూలి పోయినట్టే. అందుకే ఇక్కడ అలాంటి చోటు ముందుగా బిడ్డను వదిలి పనికి వెళ్లే చోటైంది. తల్లులకు పిల్లలంటే పట్టింపు లేక కాదు.

1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైంది. దాని కేంద్రాలైన అంగన్‌వాడీలు క్రమంగా ఊరూరికీ చేరాయి. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు ఆటపాటల చదువు, గర్భిణులకు, బాలింతలకు పోషకాహారం, టీకాలకు తోడ్పాటు... ఇన్ని పనులు ఒకే గుమ్మంలోకి వచ్చాయి. బరువు తూచడం, రిజిస్టర్లు రాయడం, వంట చూసుకోవడం అంతా టీచరమ్మ మీద పడ్డాక, తల్లుల్ని కూర్చోబెట్టి ఆడించే తీరిక ఆమెకు దొరకడం కష్టం. అంగన్‌వాడీ గదిలో తల్లి చాపేసుకుని కూర్చుని బిడ్డతో గుజ్జనగూళ్లు ఆడే గంట ఇంకా రావాల్సే ఉంది. మిరప కోతలయ్యాక కూలిపని పలచబడే రోజులు అందుకు అనువైనవి. దాగుడుమూతలు, చెమ్మచెక్క, వామనగుంటలు నేర్పే అమ్మమ్మలు, నానమ్మలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పిలిస్తే వస్తారు.