137 జీబీ పరిమితి

పాత కంప్యూటరుకు ఎంత పెద్ద హార్డ్ డిస్క్ తగిలించినా సుమారు 137 జీబీ (విండోస్ లెక్కలో 128) దగ్గరే ఆగిపోయే ఇబ్బంది ఇది. అప్పటి ఏటీఏ పద్ధతిలో డిస్క్‌లోని ఒక్కో సెక్టారుకు 28 బిట్ల చిరునామా ఉండేది. దాంతో లెక్కపెట్టగలిగేవి 26,84,35,456 సెక్టార్లే. సెక్టారుకు 512 బైట్లు. 250 జీబీ డిస్క్ కొన్నా దాదాపు సగం ఉన్నా లేనట్టే.

2002 నాటి ఏటీఏ-6 ప్రమాణం చిరునామాను 48 బిట్లకు పెంచింది. అయితే మదర్‌బోర్డులోని బయాస్‌కూ, ఆపరేటింగ్ సిస్టంకూ ఆ భాష తెలియాలి. విండోస్ ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 1 సరిపోతుంది. విండోస్ 2000కు సర్వీస్ ప్యాక్ 3 వేసి, రిజిస్ట్రీలో ‘ఎనేబుల్‌బిగ్‌ఎల్‌బీఏ’ విలువను 1గా మార్చాలి. బయాస్‌కు అప్‌డేట్ దొరక్కపోతే, సొంత బయాస్ ఉన్న పీసీఐ కంట్రోలర్ కార్డు పెట్టడమే నమ్మకమైన దారి.

డిస్క్ 32 జీబీగానే కనిపిస్తే మాత్రం ముందు దాన్ని వెనక్కి తిప్పి చూడాలి. ఇంకా పాత బయాస్‌ల కోసం సామర్థ్యాన్ని తగ్గించి చూపే జంపరు, గోరంత ప్లాస్టిక్ ముక్క, కొన్ని డిస్క్‌ల పిన్నులకు తొడిగి ఉంటుంది.

అన్నిటికంటే ప్రమాదం 48 బిట్ల చిరునామాకు సగం సగం మద్దతు. హద్దు దాటిన చిరునామాలో పై బిట్లు రాలిపోతే, రాత డిస్క్ మొదటికి చుట్టుకొచ్చి అక్కడి ఫైళ్ల పట్టికను చెరిపేస్తుంది.