పీసీఓఎస్ సప్లిమెంట్లు: ఏది పనికొస్తుంది? ఏది డబ్బు దండగ? చేవెళ్ల, మొయినాబాద్ మహిళలు కొనే ముందే తెలుసుకోండి!

నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోందా? గడ్డం మీద వెంట్రుకలు, ఎంతకీ తగ్గని మొటిమలు, పెరిగిపోతున్న బరువు.. ఇవి కనిపించగానే చాలామంది చేసే మొదటి పని ఫోన్‌లో వెతకడం. రెండో పని.. స్క్రీన్ మీద కనిపించిన 'పీసీఓఎస్ పౌడర్' ఆర్డర్ పెట్టేయడం. డబ్బులు పోతే పోయాయి అనుకోవచ్చు. కానీ ఆ డబ్బా అయ్యేవరకు చూద్దాంలే అని పరీక్షలు వాయిదా వేస్తేనే అసలు నష్టం. ఇంతకీ ఈ సప్లిమెంట్లలో ఏది ఎంతవరకు పనిచేస్తుంది? చేవెళ్ల, మొయినాబాద్ వాళ్లు ఎక్కడ చూపించుకోవచ్చు? వివరాలు ఇవే..

ముందు అది పీసీఓఎస్సేనా?

ప్రపంచవ్యాప్తంగా సంతానోత్పత్తి వయసులో ఉన్న ప్రతి 10 మంది మహిళల్లో దాదాపు ఒకరికి ఈ సమస్య ఉందని అంచనా. వీళ్లలో 70 శాతం వరకు తమకు ఆ సమస్య ఉన్నట్టే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మూడు విషయాల్లో రెండు ఉంటే పెద్దవాళ్లలో పీసీఓఎస్‌గా తేలుస్తారు. ఒకటి, నెలసరి సరిగా రాకపోవడం. రెండు, పురుష హార్మోన్ల ప్రభావం ఎక్కువగా ఉండటం. మూడు, స్కానింగ్‌లో అండాశయాల్లో చిన్న చిన్న తిత్తులు ఎక్కువగా కనిపించడం, లేదా ఏఎంహెచ్ రక్త పరీక్షలో స్థాయి ఎక్కువగా ఉండటం. అంతకంటే ముందు థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు చేయాలి. ఎందుకంటే ఆ సమస్యలున్నా నెలసరి తప్పుతుంది. టీనేజీ అమ్మాయిలకైతే స్కానింగ్ చూసి పీసీఓఎస్ అని ముద్ర వేయకూడదు. రజస్వల అయిన 8 ఏళ్ల వరకు అండాశయాలు అలా కనిపించడం మామూలే.

ఇనోసిటాల్.. ప్రచారం ఎక్కువ, ఫలితం కొంతే!

మార్కెట్లో పీసీఓఎస్ పేరుతో అమ్మే పౌడర్లు, మాత్రల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇన్సులిన్ చెప్పిన మాట కణాలు వినేలా చేయడంలో ఇది సాయపడుతుంది. అందుకే దీన్ని పీసీఓఎస్‌కు వాడి చూశారు. మయో, డి-కైరో రకాలను 40:1 పాళ్లలో కలిపామని డబ్బాల మీద పెద్దక్షరాలతో రాస్తారు.

అయితే 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు ఏమంటున్నాయంటే.. ఇనోసిటాల్ వల్ల హాని తక్కువ, షుగర్, ఇన్సులిన్ లాంటి వాటిలో కొంత మెరుగుదల ఉండొచ్చు. కానీ అండం విడుదల, అవాంఛిత రోమాలు, బరువు విషయంలో లాభం పరిమితమే. ఫలానా రకం, ఫలానా డోసు, ఫలానా పాళ్లే మంచివని చెప్పడానికి తగిన ఆధారాలు లేవు. అంటే వాడాలనుకుంటే డాక్టర్‌కు చెప్పి వాడొచ్చు. అంతేగానీ ఇచ్చిన మందులు ఆపేసి దీన్ని మొదలుపెట్టకూడదు.

లోపం ఉంటేనే ఉపయోగం

విటమిన్ డి: ఎండలు దంచే మన దగ్గర కూడా ఈ లోపం చాలామందిలో ఉంటుంది. పరీక్షలో తక్కువ ఉందని తేలితే వాడాల్సిందే. కానీ వారానికోసారి వేసుకునే 60,000 యూనిట్ల సాచెట్లను రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. వాంతులు, మలబద్ధకం, కిడ్నీలో రాళ్ల దాకా వెళ్తుంది.

బి12: పీసీఓఎస్‌కు మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలం వాడేవాళ్లలో బి12 తగ్గే అవకాశం ఉంది. కాళ్లు, చేతుల్లో తిమ్మిర్లు, నీరసం ఉంటే పరీక్ష చేయించుకోవాలి. శాకాహారులకు ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

ఫోలిక్ యాసిడ్: ఇది పీసీఓఎస్‌ను తగ్గించదు. కానీ పిల్లల కోసం ప్రయత్నిస్తున్న వాళ్లందరూ రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలి. కనీసం నెల ముందు నుంచే మొదలుపెడితే బిడ్డకు వెన్నుపాము లోపాల ముప్పు తగ్గుతుంది.

వీటితో జాగ్రత్త..

జుట్టు రాలుతోందని బయోటిన్ వేసుకునేవాళ్లు రక్త పరీక్షకు ముందు ఆ మాట తప్పకుండా చెప్పాలి. ఎక్కువ డోసు బయోటిన్ వల్ల థైరాయిడ్, ఇతర హార్మోన్ల రిపోర్టులు తప్పుగా రావచ్చు. 'నేచురల్' అనగానే నమ్మేయొద్దు. అశ్వగంధ, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ మాత్రలతో కొందరిలో లివర్ దెబ్బతిన్న సందర్భాలున్నాయి. బెర్బెరిన్, అశ్వగంధ గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు. పీసీఓఎస్‌లో నెలసరి ఆలస్యం కావడం అలవాటైపోయి గర్భం వచ్చిన సంగతి ఆలస్యంగా తెలిసే ప్రమాదం ఉంది. అందుకే ఏది మొదలుపెట్టినా ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోవడం మేలు.

డబ్బా మీద ఏం చూడాలి?

సప్లిమెంట్లు చట్టం దృష్టిలో ఆహారం కిందికి వస్తాయి, మందుల కిందికి కాదు. కాబట్టి డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్ ఉండాలి. 'మందుగా వాడటానికి కాదు' అన్న అర్థం వచ్చే హెచ్చరిక కూడా ఉండాలి. '90 రోజుల్లో పీసీఓఎస్ మాయం' లాంటి రాతలు కనిపిస్తే అక్కడే అనుమానించాలి. నెలసరి సమస్యలను సరిచేస్తామంటూ మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆహార భద్రత చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలకు రూ.10 లక్షల వరకు జరిమానా ఉంది.

చేవెళ్ల, మొయినాబాద్‌లో ఎక్కడికి వెళ్లాలి?

చేవెళ్లలో ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. పట్నం మహేందర్ రెడ్డి మెడికల్ కాలేజీ కూడా అక్కడే. మొయినాబాద్ మండలంలో భాస్కర్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. మహిళల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' కార్యక్రమం మొదలుపెట్టింది. తొలి విడతలో 100 కేంద్రాల్లో, ప్రతి మంగళవారం మహిళలకే ప్రత్యేకంగా ఓపీ పెట్టారు. పీసీఓడీ, నెలసరి సమస్యలు, సూక్ష్మ పోషకాల లోపాలు కూడా అందులో ఉన్నాయి. దగ్గర్లో ఏ కేంద్రంలో ఈ సేవలున్నాయో ఊళ్లోని ఆశా కార్యకర్తను అడిగితే సరి. వెళ్లేటప్పుడు గత ఆరు నెలల నెలసరి తేదీలు రాసుకెళ్లండి. వాడుతున్న ప్రతి డబ్బా ఫొటో తీసుకెళ్లండి.

డబ్బా కంటే ముందు పళ్లెం!

పీసీఓఎస్‌కు ఫలానా డైటే గొప్పదని ఆధారాలు లేవు. రోజూ పాటించగలిగేదే మంచి డైట్. జొన్న రొట్టె, కందిపప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు.. ఇవన్నీ ఇంట్లో ఉండేవే. అన్నం తగ్గించి కూర, పప్పు పెంచితే మొదటి అడుగు పడినట్టే. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం ఉండాలి. బరువు పెద్దగా తగ్గకపోయినా వ్యాయామం వల్ల ఆరోగ్యానికి లాభమే.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

గర్భం లేకుండా 90 రోజులు దాటినా నెలసరి రాకపోతే డాక్టర్‌ను కలవాలి. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే గర్భాశయం లోపలి పొర మందమై, క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అధిక రక్తస్రావం, కొద్ది నెలల్లోనే గొంతు మారడం, వెంట్రుకలు వేగంగా పెరగడం కనిపిస్తే వెంటనే వెళ్లాలి. పీసీఓఎస్ ఉందని తేలినవాళ్లు సన్నగా ఉన్నా షుగర్ పరీక్ష చేయించుకోవాలి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షలో ఇది కచ్చితంగా తెలుస్తుంది. సప్లిమెంట్ వేసుకోవాలా వద్దా, ఎంతకాలం అన్నది ఆ రిపోర్టులన్నీ చూశాక డాక్టర్‌తో కలిసి తేల్చుకోవాల్సిన విషయం.