చక్రవర్తి దోసకాయ, నా వంగ నారు

“నారు పోసినవాడు నీరు పోయడా” అంటుంటారు మా నాన్నగారు. కిందటేడు ఏప్రిల్‌లో నేను నారు పోశాను, నీరూ పోశాను. తలుపు తియ్యడమే మర్చిపోయాను.

మేముండేది కెంటకీలోని లెక్సింగ్టన్‌లో. మే మొదటి శనివారం డెర్బీ గుర్రప్పందేలు అయ్యేదాకా టమాటా మొక్క నేలలో పెట్టొద్దంటారిక్కడ. మంచుకి మాడిపోతుంది. అందుకని పెరట్లో ప్లాస్టిక్ పట్టా కప్పిన చిన్న గ్రీన్‌హౌస్ పెట్టి, ట్రేలలో వంగ, మిరప, టమాటా గింజలు వేశాను. వంగ గింజలు, అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు మా పెరటి కాయల్లోంచి తీసి, ఎండబెట్టి, పొట్లం కట్టి ఇచ్చినవి. మళ్ళీ అంత ప్రయాణం ఇక ఆవిడ వల్ల కాదు. ఓ ఎండరోజు ఆఫీసు కాల్స్‌లో మునిగిపోయాను. సాయంత్రానికి నారంతా ఉడికిపోయింది!

ఆ బాధలో అసలీ గ్రీన్‌హౌస్ కథేమిటా అని చదవడం మొదలెట్టాను.

రోమ్‌ని 14 నుంచి 37 వరకూ ఏలిన టైబీరియస్‌కి రోజూ దోసకాయ ఉండాల్సిందేనట. తోటవాళ్ళు చక్రాల మడుల్లో పాదులు పెంచి, ఎండలోకి తోసేవారు, చలిరోజుల్లో పారదర్శకమైన రాతి పలకల కిందకి లాగేవారు. ఇది రాసింది ప్లినీ. 15వ శతాబ్దంలో కొరియా రాజవైద్యుడు చోన్ సునుయి, నూనె కాగితం కిటికీలు పెట్టి, కింద నేలని వేడిచేసి, చలికాలంలో కూరలు పండించడం గురించి రాశాడు.

ఇంగ్లండులో గాజు ఉన్నా, 1745లో దానిమీద పన్ను వేశారు. అద్దాల ఇల్లు జమీందార్ల ముచ్చటే అయింది. 1845లో పన్ను ఎత్తేశారు. ఆరేళ్ళకే, 1851లో, తోటపనితో పైకొచ్చిన జోసెఫ్ పాక్స్‌టన్ దాదాపు 3 లక్షల అద్దాలతో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ కట్టించాడు.

మిగతా కథ మా ఊళ్ళోనే జరిగిందంటే నమ్ముతారా? 1948లో, ఇక్కడి యూనివర్సిటీ ఆఫ్ కెంటకీ ప్రొఫెసర్ ఎమరీ మయర్స్ ఎమ్మర్ట్, గాజు కొనే స్తోమత లేక, చెక్క చట్రానికి సెల్లోఫేన్ కప్పాడు. తర్వాత పాలిథీన్ వచ్చింది. రాజుగారి వైభోగం రైతు చేతికొచ్చింది, నాలాంటివాడి పెరట్లోకీ వచ్చింది.

మరి నా నారెందుకు చచ్చింది? దానికి జవాబు 1909లోనే దొరికింది. ఆర్. డబ్ల్యు. వుడ్ అనే భౌతికశాస్త్రవేత్త రెండు పెట్టెలు తీసుకుని, ఒకదానికి గాజు, ఇంకోదానికి వేడి కిరణాల్ని బయటికి పోనిచ్చే రాతి ఉప్పు పలక బిగించాడు. రెండూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. అంటే గ్రీన్‌హౌస్ చేసే ముఖ్యమైన పని, వేడెక్కిన గాలిని బయటికి పోనివ్వకపోవడమే అన్నమాట. తలుపు తియ్యకపోతే అది పొయ్యిమీద మూతపెట్టిన గిన్నే!

రాయి పోయి కాగితం, గాజు పోయి ప్లాస్టిక్ వచ్చాయి. కప్పు చవకైంది గానీ కాపలా మాత్రం కాలేదు. టైబీరియస్‌కి మడులు తోసే మనుషులుండేవారు, నాకు నేనే.

ఈ ఏడు పైకిటికీకి ఓ చిన్న గొట్టం బిగించాను. ఎండకి లోపలి మైనం వ్యాకోచించి కిటికీని తోస్తుంది. కోడ్ లేదు, బ్యాటరీ లేదు. పొట్లంలో మిగిలిన గింజల్లో పదకొండు మొలిచాయి. ఫోన్లో చెబితే నాన్నగారు ఒకటే అడిగారు: “నీరు పోశావు సరేరా, గాలి తగలనిస్తున్నావా?”

అమ్మ మాత్రం, కాయలు కాస్తే మళ్ళీ గింజలు తీసి దాచమంది.