వెదురు గొట్టాల్లో దివ్య నాదం: లాస్ పిన్యాస్ ఆర్గాన్ రెండు శతాబ్దాల ప్రస్థానం

ఫిలిప్పీన్స్ రాజధాని ప్రాంతమైన మెట్రో మనీలా దక్షిణ భాగంలో లాస్ పిన్యాస్ నగరం ఉంది. అక్కడి సెయింట్ జోసఫ్ విచారణ చర్చిలో ప్రపంచంలోనే అరుదైన పైప్ ఆర్గాన్ ఉంది. దానిలోని 1,031 గొట్టాల్లో 902 వెదురుతో చేసినవి, మిగిలిన 129 లోహపువి. 1824లో పూర్తయిన ఈ వాద్యం 2024లో రెండు వందల ఏళ్లు పూర్తి చేసుకుంది. ఇది ప్రదర్శనశాలలోని వస్తువు కాదు. నేటికీ దివ్యబలిపూజల్లో విశ్వాసుల గానానికి తోడుగా మోగుతున్న విచారణ వాద్యం. ఫిలిప్పీన్స్ జాతీయ మ్యూజియం 2003లో దీనిని జాతీయ సాంస్కృతిక నిధిగా ప్రకటించింది.

దీని నిర్మాత స్పెయిన్‌కు చెందిన అగస్తీనియన్ రికలెక్ట్ సభ గురువు డియెగో సెరా. 1795లో లాస్ పిన్యాస్‌కు విచారణ గురువుగా వచ్చి, 1832 వరకూ అక్కడి బాధ్యతలు చూశారు. రాతి చర్చిని కట్టించడంతోపాటు ఆర్గాన్ల తయారీలోనూ ఆయనకు చేయి తిరిగింది. లాస్ పిన్యాస్ ఆర్గాన్ పని 1816లో మొదలైంది. కోసిన వెదురును పురుగు పట్టకుండా సముద్రతీరపు ఇసుకలో నెలల తరబడి పాతిపెట్టారు. ఆ కాలం గడిచాక పాడుకాకుండా నిలిచిన బొంగులే గొట్టాలుగా మారాయి. 1821 నాటికి వాద్యం వాయించదగిన స్థితికి చేరింది. అయితే ముందుకు పొడుచుకువచ్చినట్లు అడ్డంగా అమర్చే బాకాల వరుస మాత్రం మిగిలిపోయింది. స్పానిష్ ఆర్గాన్లకు ప్రత్యేక గుర్తింపు తెచ్చే ఈ బాకాలకు వెదురు సరిపోదని తేలడంతో వాటిని లోహంతో చేయించారు. అలా మొత్తం ముగిసేసరికి 1824 వచ్చింది.

పనితీరు

హార్మోనియం చూసినవారికి పైప్ ఆర్గాన్ సూత్రం కొంతవరకు పరిచితమే. రెండింటిలోనూ తిత్తుల గాలే ప్రాణం. హార్మోనియంలో ఆ గాలి లోహపు రీడును కంపింపజేస్తే, ఆర్గాన్‌లో ప్రతి స్వరానికీ ఒక ప్రత్యేక గొట్టం ఉంటుంది. మెట్టు నొక్కగానే దాని కింది కవాటం తెరుచుకుని గాలి గొట్టంలోకి చేరుతుంది. ఎక్కువ గొట్టాలు మురళిలా, అంచును తాకే గాలితో పలుకుతాయి. కొన్నింటిలో మాత్రం రీడు ఉంటుంది. ఒకే స్వభావం గల గొట్టాల వరుసను పని చేయించే మీటను స్టాప్ అంటారు. లాస్ పిన్యాస్ ఆర్గాన్‌కు ఉన్నది ఒక్కటే మెట్ల వరుస. స్పానిష్ సంప్రదాయంలో స్టాప్‌లను మంద్ర, తార భాగాలుగా విడగొట్టి ఉంచుతారు. అందువల్ల ఎడమచేతి వైపు ఒక రకం ధ్వని, కుడిచేతి వైపు మరొక రకం ధ్వని ఒకేసారి పలికించవచ్చు. ఇవి చాలవన్నట్లు పక్షుల కిలకిలను, డప్పు మోతను వినిపించే ఏర్పాట్లు కూడా ఇందులో ఉన్నాయి. పిల్లలకు ఎక్కువగా నచ్చేది ఇదేనంటే ఆశ్చర్యం లేదు.

మురళి వాయించే మన ప్రాంతాల వారికి వెదురు స్వభావం కొత్త కాదు. ఒక బొంగు మరో బొంగులా ఉండదు. మందం, లోపలి వ్యాసం, కణుపుల మధ్య దూరం ప్రతిదానికీ మారిపోతాయి. ఒక్క మురళికే సరైన బొంగు దొరకడం కష్టమైతే, ఒకదానితో ఒకటి శ్రుతి కలిసే తొమ్మిది వందలకు పైగా గొట్టాలను సమకూర్చడం ఎంతటి పనో ఊహించవచ్చు. దానికి తోడు వాతావరణం ఉంది. ఉష్ణోగ్రత పెరిగితే మురళి తరహా గొట్టాల శ్రుతి పెరుగుతుంది. రీడు గొట్టాల్లో ఆ మార్పు చాలా తక్కువ. ఫలితంగా ఎండ తీవ్రతను బట్టి రెండు తరగతుల గొట్టాల మధ్య శ్రుతి చెడుతుంది. తేమ, చెదలు, దుమ్ము అదనపు శత్రువులు.

భూకంపాలు, తుఫానులు

వాద్యం పూర్తయిన తర్వాతి శతాబ్దం సాఫీగా సాగలేదు. 1880 నాటి భూకంపాలు, ఆ తర్వాతి తుఫాను చర్చిని దెబ్బతీశాయి. ఆర్గాన్ విడిభాగాలు ఏళ్ల తరబడి మూలనపడ్డాయి. 20వ శతాబ్దం ఆరంభంలో బెల్జియం నుంచి వచ్చిన మిషనరీ గురువు ఒకరు మరమ్మతులకు పూనుకున్నా, అది పాక్షికమే. దూరప్రాంతాల సందర్శకులు చూసి వెళ్లే వింతగా అది పేరు తెచ్చుకుంది గానీ, పూర్తి స్వరం మాత్రం తిరిగిరాలేదు.

మలుపు 1970వ దశకంలో వచ్చింది. జర్మనీలోని బాన్ నగరానికి చెందిన ప్రఖ్యాత ఆర్గాన్ తయారీ సంస్థ యోహానెస్ క్లైస్‌కు పునరుద్ధరణ అప్పగించారు. 1973లో వాద్యాన్ని విప్పి విదేశానికి పంపారు. ఆ ఖాళీ సమయంలోనే ఫిలిపినో వాస్తుశిల్పి ఫ్రాన్సిస్కో మన్యోసా పర్యవేక్షణలో చర్చి భవనాన్నీ పాత రూపానికి తెచ్చారు. 1975లో ఆర్గాన్ ఇంటికి చేరింది. పట్టణం దానికి ఘనస్వాగతం పలికింది. మరుసటి ఏడాది నుంచి అంతర్జాతీయ వెదురు ఆర్గాన్ ఉత్సవం ఏటా ఫిబ్రవరిలో జరుగుతోంది. పలు దేశాల వాద్యకారులు, గాయక బృందాలు అందులో పాల్గొంటాయి.

పూజా విధిలో స్థానం

రెండవ వాటికన్ మహాసభ 1963లో వెలువరించిన దైవార్చన శాసనం, లాటిన్ చర్చిలో పైప్ ఆర్గాన్‌ను సంప్రదాయ వాద్యంగా గౌరవించాలని చెప్పింది. అదే శాసనం స్థానిక వాద్యాలకూ తలుపు తెరిచింది. తెలుగు విచారణల్లో హార్మోనియం, తబలా, డోలక్ వినిపించడానికి ఆధారం అదే. కొత్త లేదా పునరుద్ధరించిన ఆర్గాన్‌ను వాడుకలోకి తెచ్చేముందు ఆశీర్వదించే విధి కూడా ఉంది. 2024 డిసెంబరు 7న పారిస్ నోత్రదామ్ తిరిగి తెరుచుకున్నప్పుడు, సుమారు 8,000 గొట్టాల మహా ఆర్గాన్‌ను అగ్రపీఠాధిపతి ఎనిమిది మార్లు పిలవగా, ప్రతిసారీ వాద్యం బదులు పలికిన దృశ్యాన్ని ప్రపంచం చూసింది.

నియమాలు వాద్యపు మౌనాన్నీ నిర్దేశిస్తాయి. తపస్సు కాలంలో గానానికి ఆధారంగా తప్ప ఆర్గాన్ వాయించరాదు. నాలుగవ ఆదివారం, మహోత్సవాలు, పండుగలు దీనికి మినహాయింపు. లాస్ పిన్యాస్ పాలక పునీతుడైన జోసఫ్ మహోత్సవం మార్చి 19న, సాధారణంగా తపస్సు కాలం నడుమనే వస్తుంది. అలాగే డిసెంబరు 16 నుంచి 24 వరకు తెల్లవారకముందే జరిగే తొమ్మిది పూజల వరుస సింబాంగ్ గాబీ ఫిలిప్పీన్స్ ప్రత్యేకత. ఆగమన కాలమైనా ఆ పూజల్లో తెల్లని వస్త్రాలు ధరించి మహిమ గీతం పాడేందుకు అక్కడ అనుమతి ఉంది.

సంరక్షణ ఇప్పుడు స్థానికుల చేతుల్లోనే ఉంది. ఐరోపాలో శిక్షణ పొందిన ఫిలిపినో పనివారు లాస్ పిన్యాస్‌లోనే తయారీశాల నెలకొల్పి, దానికి డియెగో సెరా పేరే పెట్టుకున్నారు. 1973లో జర్మనీకి పంపక తప్పని ఆర్గాన్‌ను, 2003లో మొదలైన తదుపరి పునరుద్ధరణలో వారే విప్పి బాగుచేశారు.