కాళ్లు ముడుచుకో

ఈ వారం మన వాడల పేర్ల గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారానికి వాయిదా. మధ్యలో ఒక సంగతి జరిగింది, అది రాయకపోతే ఇంకేదీ రాయలేను.

పోయిన ఆదివారం పిల్లదాన్ని తీసుకుని విజయవాడలో సినిమాకు వెళ్లాం. మాల్‌లో పై అంతస్తు హాలు, పిల్లల బొమ్మల సినిమా, సగం సీట్లు ఖాళీ. దానికి ఏడేళ్లు. ఇంటర్వెల్ అయ్యాక పాప్‌కార్న్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, చెప్పులు విడిచేసి, రెండు కాళ్లూ ముందు సీటు వీపుకి ఆనించి హాయిగా వెనక్కి వాలింది. చూసిన మరుక్షణం నా నోట్లోంచి మాట వచ్చేసింది. "కాళ్లు ముడుచుకో!" మోకాలి మీద ఒక్కటి వేశాను కూడా.

"ముందు ఎవరూ లేరు కదమ్మా" అంది. ఏడవలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. నా సహచరుడు చీకట్లో నావైపు తిరిగి చూశాడు. మిగతా సినిమా నాకు ఎక్కలేదు. ఆ గొంతు నాది కాదు, మా నాన్నది.

మాది పల్నాడు. నాన్న బేల్దారి మేస్త్రి, అమ్మ మిరపకాయల కోతలకు వెళ్లేది. నాన్న మాట తక్కువ మనిషి. కానీ మమ్మల్ని పల్లె దాటించి ఊళ్లోకి తీసుకెళ్లినప్పుడల్లా ఆయన నోటికి పని ఎక్కువయ్యేది. పక్కకు నడువు. పెద్దగా నవ్వమాక. అంగడి అరుగు మీద చెయ్యి పెట్టమాక. డబ్బులు చేతికివ్వమాక, కింద పెట్టు. ఎవరన్నా "ఎవరి పిల్లవే?" అంటే తలొంచుకుని ఫలానా మేస్త్రి కూతుర్నని చెప్పు, అంతకు మించి మాట్లాడమాక. సినిమా హాల్లో అయితే ఒకటే మాట, పావుగంటకోసారి, బొమ్మ ఎంత మంచి రసపట్టులో ఉన్నా సరే: కాళ్లు ముడుచుకో.

మేం బెంచీ టికెట్టు. బెంచీ కింద కాళ్లు మడిచి మడిచి తిమ్మిరెక్కేవి. ఒకసారి బస్సులో నిలబడి ఉండగా బ్రేకు పడి నా కాలు సీట్లో ఉన్న ఒక ఆసామి పంచెకి తగిలింది. ఆయన ఏమీ అనకముందే నాన్న నా చెంప పగలగొట్టి, ఆయనకు దండం పెట్టాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. దెబ్బ మర్చిపోయాను, దండం మర్చిపోలేదు. పదో తరగతికొచ్చేసరికి నాకు స్థిరమైన అభిప్రాయం ఒకటుండేది: మా నాన్న పిరికివాడు.

డాక్టరేటు చేస్తున్న రోజుల్లో, 2014 ఏప్రిల్ 22న, చుండూరు కేసులో హైకోర్టు నిందితులందర్నీ నిర్దోషులని వదిలేసింది. ఆ సాయంత్రం క్యాంపస్‌లో నిరసన సభ. ఎవరో కరపత్రం పంచారు. చుండూరు పేరు నాకు తెలియక కాదు. మా పల్లెలో ఏప్రిల్ 14కి పాడే పాటల్లో కారంచేడు, చుండూరు జంటగా వచ్చేవి. కారంచేడు గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైందని చిన్నప్పటి నుంచీ విన్నాను. చుండూరుది ఎక్కడ మొదలైందో మాత్రం నాకెవరూ చెప్పలేదు. కరపత్రంలో రెండో పేరాలో ఉంది. 1991 జూలై 4. సినిమా హాలు. చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు వరసలో కూర్చున్న రెడ్డి యువకుడికి తగిలింది.

అంతే. ఒక కాలు తగలడం. అక్కడి నుంచి గొడవ, దళితులకు పనులు బంద్, నెల రోజుల బహిష్కరణ. ఆగస్టు 6న, ఊళ్లో పోలీసులుండగానే, 8 మందిని తరిమి తరిమి చంపారు. శవాలను గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. ఏడేళ్ల తర్వాత పైకోర్టులో ఆ తీర్పు నిలవలేదు.

కరపత్రం పట్టుకుని హాస్టల్ మెట్ల మీద కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను. "నాన్నా, సినిమాకు పోతే మమ్మల్ని కాళ్లు ముడుచుకోమనేవాడివి కదా, అది చుండూరు వల్లనా?" చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడు నీకు మూడేళ్లమ్మా. తమ్ముడు కడుపులో ఉన్నాడు" అన్నాడు. ఇంకాసేపాగి, "అన్నం తిన్నావా?" అన్నాడు. ఆ సంగతి మా ఇద్దరి మధ్యా అంతవరకే.

మా స్టాఫ్‌రూములో ఒక సీనియర్ మేడం ఉన్నారు. మంచావిడే. ఒకసారి పిల్లల పెంపకం మీద మాటొచ్చి, "మీ వాళ్లు పిల్లల్ని మరీ కొట్టి పెంచుతారండీ, ఫ్రీగా వదలరు" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. నాన్న కొట్టిన దెబ్బను ఇప్పటికీ సమర్థించను. కానీ ఆవిడ పిల్లలు రోడ్డు మీద గట్టిగా నవ్వితే నవ్వే మిగిలింది. మా నాన్న మాకు నేర్పినవి మర్యాదలు కావు. ఎక్కడ ఏ మనిషి చావు ఎలా మొదలైందో ఆయనకు తెలుసు. ఆ సంగతి చెప్పకుండా, అది గుర్తుండేలా మా ఒంటికి నేర్పాడు. అందుకే మన ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లలకు బయట చెప్పే జాగ్రత్తలను ఎవరన్నా ఊరూరా తిరిగి రాసుకురావాలని నా కోరిక. చరిత్ర పుస్తకాలకు ఎక్కనిది అందులో చాలా దొరుకుతుంది.

ఇక్కడ బాబాసాహెబ్ చిన్నతనం చెప్పకుండా ఉండలేను. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చాలామంది చదివే ఉంటారు, చిన్న పుస్తకం. అందులో మొదటి సంఘటన 1901 నాటిది. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యం నుంచి రిటైరై గోరేగావ్‌లో క్యాషియర్‌గా ఉన్నాడు. పిల్లలు సతారాలో. తల్లి అప్పటికే లేదు. వేసవి సెలవులకు నా దగ్గరికి రండని తండ్రి ఉత్తరం రాశాడు. భీం, అన్న, చనిపోయిన అక్క కొడుకులిద్దరు, నలుగురు పిల్లలూ మొదటిసారి రైలెక్కబోతున్నారు. ఈ ప్రయాణం కోసం కొత్త చొక్కాలు, తళుకుల టోపీలు, కొత్త బూట్లు, పట్టు అంచు పంచెలు. ఆ బట్టల వర్ణన దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. దళిత ఇంట్లో పిల్లల్ని బయటికి పంపేటప్పుడు బట్టల మీద అంత శ్రద్ధ ఎందుకో మనకు తెలుసు. మా అమ్మ కూలి డబ్బుల్లోంచి రిబ్బన్లు కొని, తలకు నూనె కారేలా రాసి, రెండు జడలూ గట్టిగా బిగించి బడికి పంపేది. మురికిగా ఉన్నారన్న మాట పడకూడదని.

మసూర్ స్టేషన్లో దిగారు. తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. వీళ్లు రాసిన ఉత్తరం నౌకరు తండ్రికి ఇవ్వడం మర్చిపోయాడు. రైలు వెళ్లిపోయింది, జనం వెళ్లిపోయారు. స్టేషన్ మాస్టరు వచ్చి ఎవరు మీరు, ఎక్కడికని అడిగాడు. బట్టలు చూసి బ్రాహ్మణ పిల్లలనుకున్నాడు. తొమ్మిదేళ్ల భీం ఆలోచించకుండా ఉన్నమాట చెప్పేశాడు, మేం మహర్లమని. మాస్టరు ముఖం మారిపోయింది. బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు బాడుగకు ఒప్పుకున్నాడు, అదీ ఒక షరతు మీద: బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు. దారిలో చీకటి పడింది. వెంట తిండి ఉంది, తాగడానికి నీళ్లు లేవు. టోల్ గేటు దగ్గర నీళ్లడగాలంటే ముస్లింలమని చెప్పుకోమని బండివాడు సలహా ఇచ్చాడు. భీం వెళ్లి ఉర్దూలో అడిగాడు. అయినా నీళ్లు దొరకలేదు. ఆ రాత్రి ఆకలితోనే పడుకున్నారు.

ఈ కథను అంటరానితనం దుర్మార్గానికి ఉదాహరణగా అందరం చెబుతాం. తల్లినయ్యాక నాకు ఇందులో ఇంకోటి కనపడింది. ఆ పిల్లలకు అప్పటికే బళ్లో విడిగా గోనెపట్టా మీద కూర్చోవడం తెలుసు. ప్యూను కొళాయి తిప్పితేనే నీళ్లని తెలుసు. ఇంటి దగ్గరి నియమాలన్నీ తెలుసు. తెలియని ఊళ్లో తెలియని మనిషి ఎవరు మీరని అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఎవరూ నేర్పినట్టు లేదు. సాయంత్రం నోరు జారి నిజం చెప్పిన పిల్లాడు రాత్రికల్లా అబద్ధం చెప్పడం నేర్చుకున్నాడు. నేర్పింది తండ్రి కాదు, బండివాడు. మా నాన్న ఆ పని బండివాళ్లకు వదలదల్చుకోలేదు. తనే నేర్పాడు. ఈ తేడా అర్థమవడానికి నాకు ముప్పై దాటాయి.

రామ్‌జీ మాత్రం తక్కువ తండ్రి కాదు. సైనిక బళ్లో పంతులుగా చేసినవాడు, కబీర్‌పంథీ. ఇంట్లో పిల్లలతో రామాయణ భారతాలు రోజూ చదివించేవాడు. 1956లో బుద్ధుడి పుస్తకానికి రాసుకున్న ముందుమాటలో బాబాసాహెబ్ ఆ రోజుల్ని తలుచుకున్నారు. బ్రాహ్మణుల్ని పొగిడి శూద్రుల్నీ అంటరానివాళ్లనీ కించపరిచే ఈ పుస్తకాలు మాచేత ఎందుకు చదివిస్తావని తండ్రిని నిలదీశారట. తండ్రి చెప్పిన కారణం నన్ను కదిలించింది. మనం అంటరానివాళ్లం, నీకు తక్కువవాణ్నన్న భావం వచ్చే ప్రమాదముంది, అది పోవడానికే చదివిస్తున్నాను, ద్రోణుడు, కర్ణుడు ఎక్కడి నుంచి ఎక్కడికెదిగారో చూడు, వాల్మీకిని చూడు అన్నాడట. కొడుక్కి ఆ జవాబు నచ్చలేదు. భీష్ముడూ ద్రోణుడూ కృష్ణుడూ ఎవరూ నాకు నచ్చలేదని ముఖం మీదే చెప్పాడు.

ఆ మందు పనిచేయలేదని అందరికీ తెలుసు. ఆ కొడుకు చివరికి బుద్ధుడి దగ్గరికి వెళ్లాడు. కానీ ఆ ఇంట్లో తండ్రిని నిలదీసే చోటుంది, తండ్రి కారణం చెప్పాడు, కొడుకు కాదన్నాడు. మా ఇంట్లో అది లేదు. "ఎందుకు నాన్నా మనకే ఇన్ని?" అని పదో తరగతిలో ఒకసారి అరిచాను. "చెప్పింది విను" అన్నాడు. ఆయనకు కారణం తెలియక కాదని ఇప్పుడు తెలుసు. ఎనిమిది శవాల సంగతి పిల్లకు ఎట్లా చెబుతాడు?

పెద్దలంతా ఇట్లా నోరు నొక్కే పెంచారనీ కాదు. ఓంప్రకాశ్ వాల్మీకి 'జూఠన్' గుర్తుందా? ఊరి త్యాగుల ఇంట పెళ్లి. పెళ్లివాళ్లు వదిలేసిన ఎంగిలి విస్తళ్లను గంపలో ఎత్తుకున్న తల్లి, పిల్లలకు కాస్త మంచి భోజనం పెట్టమని అడుగుతుంది. గంప నిండా ఎంగిలుందిగా, అది చాలు అంటాడు ఆసామి. ఆ తల్లి గంప అక్కడే బోర్లించేసి పిల్లల చెయ్యి పట్టుకుని వచ్చేస్తుంది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ రాత్రి ఆ ఇంట్లో పిల్లలు ఏం తిన్నారో నాకెప్పుడూ ఆరాటమే.

ఇక నా సంగతి. సినిమా నుంచి వస్తూ దారిలో పిల్లదానికి సారీ చెప్పాను. ముందు మనిషి కూర్చుంటే కాలు తగిలి వాళ్లకు చిరాకు, ఎవరూ లేకపోతే ఫరవాలేదన్నాను. "మరి ఎందుకు కొట్టావు?" అంది. "చిన్నప్పుడు తాతయ్య నన్ను అట్లా అనేవాడు, అది నోటికొచ్చేసింది" అన్నాను. "తాతయ్య ఎందుకనేవాడు?" దీనికి జవాబు నా దగ్గరుంది, చెప్పలేదు. మసూర్ స్టేషన్లో దిగిన పిల్లాడికి తొమ్మిదేళ్లు. మా పిల్లకు ఇంకో రెండేళ్లున్నాయని మనసు లెక్కేసుకుంది. ఆ లెక్కకు అర్థం లేదని తెలుసు. అపార్ట్‌మెంట్ పార్కులో పక్క ఫ్లాటు మామ్మగారు ఇప్పటికే రెండుసార్లు దాన్ని "మీ ఇంటిపేరేంటమ్మా?" అని అడిగింది.

నిన్న నాన్న ఊరి నుంచి వచ్చాడు. మనవరాలు ఆ సినిమానే మళ్లీ చూస్తానని గొడవ చేసి తాతయ్యను లాక్కెళ్లింది. నేనూ వెళ్లాను. దానికి రెండు పక్కలా మేమిద్దరం. ముందు వరస ఖాళీ. పావుగంటకు దాని కాళ్లు ముందు సీటు మీదికి ఎక్కాయి. నాన్న చూశాడు. నావైపు చూశాడు. ఏమీ అనలేదు. కాసేపటికి దాని చేతిలో డబ్బా జారిపోతుంటే పట్టుకుని సరిగా పెట్టాడు.

ఇంటర్వెల్లో లైట్లేశాక కిందికి చూశాను. ఆయన కాళ్లు మాత్రం కుర్చీ కిందికి మడిచే ఉన్నాయి.